ఎవరి వైపు టిక్కు పెట్టాలి

మా ఆఫీసు పంజాగుట్టలో. జీతంలో కొంత పక్కకు తీసి ఆరోగ్య ఖాతా అని ఒకదాంట్లో వేస్తారు. డాక్టరు ఫీజు, మందులు, కళ్లద్దాలు, దేనికైనా బిల్లు పెడితే ఆ డబ్బు మీద పన్ను ఉండదు. వినడానికి బ్రహ్మాండం. మార్చి ఆఖరుకు మిగిలింది మాత్రం గోవిందా. మా డబ్బే, మాకే రాదు. ఎవరి బుర్రలో పుట్టిందో గాని వాళ్లకో దండం.

అందుకే మార్చి వచ్చిందంటే మా ఆఫీసులో అందరికీ ఎక్కడలేని రోగాలూ గుర్తొస్తాయి. మధ్యాహ్నం భోజనం మానేసి అమీర్‌పేట కళ్లద్దాల షాపుల మీద పడతాం. ఒక ఏడాది నేను బీపీ మిషను, మోకాలి పట్టీ, రెండు జతల అద్దాలు కొన్నాను. అన్నీ మా అత్తమ్మ పేరు మీదే. ఆమెకు డెబ్బై దాటాయి గాని బీపీ లేదు, మోకాళ్ల నొప్పి అసలే లేదు. కృష్ణానగర్ దాకా నడిచిపోయి కూరగాయలు తెస్తుంది. మంచం కోడు ఊగుతోందని ఆ పట్టీ దానికి చుట్టింది.

ఆ ఖాతాలో భర్త, పిల్లలు కాకుండా ఇంకొక్క వైపుకే చోటు. అమ్మానాన్నలైనా ఉండాలి, అత్తమామలైనా ఉండాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేను అర నిమిషం కూడా ఆలోచించలేదు. పెళ్లయినదాన్ని, అత్తమ్మతో ఒకే ఇంట్లో ఉంటున్నదాన్ని. అత్తమామల వైపే టిక్కు పెట్టాను.

మా నాన్నను బాపు అంటాను. ఆయనకు ఎస్.ఆర్. నగర్‌లో చిన్న టైలరింగ్ షాపు. హాస్టల్ పిల్లల ఇంటర్వ్యూ ప్యాంట్లు సరిచేసి ఇస్తాడు. పోయినేడాది దసరా ముందు ఒక అబ్బాయి ప్యాంటు ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా కుట్టాడు. "లైటు సక్కగ లేదు బిడ్డా" అన్నాడు. బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎండాకాలం దాకా ఆగొచ్చు, అంతకు మించి వద్దు అన్నాడు డాక్టరు.

"ఆపరేషన్‌కు పైసలు నేను కడత" అన్నాను.

"బిడ్డ సొమ్ముతోని సూపు తెచ్చుకుంటనా? సర్కారు దవఖానకు పోత తియ్యి" అన్నాడు బాపు. పోడని నాకు తెలుసు.

అప్పుడు ఖాతా గుర్తొచ్చింది. "కంపెనీ ఖాతా బాపూ. వాడకపోతే మురిగిపోతది" అన్నాను. ఆ మాటకు మెత్తబడ్డాడు. దారప్పోగు కూడా పారేయని మనిషి. "గట్లయితే సరే" అన్నాడు. అది నా జీతంలోంచి తీసిన డబ్బేనని చెప్పలేదు. పన్ను ఎంత మిగిలిందో గాని, మొండి తండ్రికి చెప్పడానికి ఒక మంచి అబద్ధం మాత్రం దొరికింది.

మర్నాడు ఆఫీసులో అడిగితే, ఏడాది మధ్యలో పేర్లు మార్చడం కుదరదన్నారు. ఇంట్లో పెళ్లో, పుట్టుకో, చావో జరిగితేనే మారుస్తారట. నాకు ఒళ్లు మండింది. అత్తమ్మకు చెప్పకూడదనుకున్నాను గాని, నా కడుపులో ఏ మాటా దాగదు.

అత్తమ్మ బీరకాయలు చెక్కుతోంది. అంతా విని, "అయితే నేను సచ్చిపోయిన అని రాయి" అంది.

"అత్తమ్మా!"

"రాస్తే పోతనా ఏంది? అన్నకు కండ్లు కావాలె. నాకు గా పట్టీలు, మిషన్లు దేనికి?"

డెత్ సర్టిఫికెట్ అడుగుతారని చెప్పాను. "గదొకటా!" అని నిజంగానే విసుక్కుంది. నేను కడుపుబ్బా నవ్వాను. తర్వాత సిగ్గేసింది. మా బాపు కోసం అంత తేలిగ్గా చచ్చిపోతానన్న మనిషికి చెప్పడానికా నేను వెనకాడింది!

చేతి డబ్బు కట్టి ఖాతాదని చెబుదామంటే, కంపెనీ కాగితంలో తన పేరు చదివించుకోనిదే బాపు ఒప్పుకోడు. ఏప్రిల్ దాకా ఆగక తప్పలేదు. బాపు బొత్తాలు కుట్టడం కూడా మానేశాడు. షాపులో ఊరికే కూర్చుని, వచ్చినవాళ్లను గొంతును బట్టి పలకరించేవాడు. చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఏప్రిల్‌లో పేర్లు మార్చుకునే పేజీ తెరిచారు. అత్తమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తన పేరెక్కడుందో చూపించమని, మౌసు పట్టుకుని టిక్కు తనే తీసింది. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది.

"ఏమంటుంది?"

"ఈమెను కుటుంబంలకెళ్లి తీసెయ్యాల్నా అని అడుగుతుంది."

చదివి చెప్పి, మౌసు లాక్కోబోయాను. అత్తమ్మ ఇవ్వలేదు. "తీసెయ్యి. నేనేడికి పోత? నీ పక్కనే కూసున్న గద" అని నొక్కేసింది.

మేలో బాపుకు మొదటి కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు అత్తమ్మ కూడా వచ్చి ఎదురుగా నిలబడింది. బాపు కన్ను చికిలించి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏం చెల్లె, గింత ముసలిదానివైనవు?"

అత్తమ్మ నా వైపు తిరిగి, "మళ్ల నా పేరే పెట్టు" అంది.