వాటా ఇవ్వని ఉప్పు కంపెనీ

నౌపడ స్టేషనులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఉప్పు కంపెనీ పెట్టి పోగొట్టుకున్నవాడు. ఉప్పుమడులు తాకట్టు పెట్టి, డిబెంచర్లనే రుణపత్రాల మీద అప్పు తెచ్చాడట. అకాల వర్షానికి ఉప్పంతా కరిగిపోయింది కానీ వడ్డీ ఆగలేదు. అప్పిచ్చినవాళ్లు మడులు జప్తు చేయించారు.

"వాటాలు అమ్మి ఉంటే నష్టం కొన్నవాళ్లూ పంచుకునేవారు కదా?" అన్నాను.

"కొంటామని వచ్చినోళ్లు రంగూను ఎళ్లి సొమ్ము సేసుకొచ్చిన సేపలోళ్లు బాబూ. వాటాదారుడైతే మీటింగులో నా పక్కనే కూకుంటాడు. నా మర్యాదేటవ్వాలి? అప్పిచ్చినోడైతే గుమ్మం బయటే ఉంటాడనుకున్నాను."

"ఇప్పుడు బయట ఉన్నదెవరు?"

"నేనే."

అంతలో ఒక జాలరి వచ్చి మా బల్ల చివర కూర్చున్నాడు. పెద్దమనిషి పైపంచె దగ్గరకు లాక్కుని లేచాడు. రైలు వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాడు.