ఎండ కొనుక్కున్న ఇల్లు

కోనసీమలో ఎండకి కరువు. ఈ మాట అనంతపురం వాడితో అంటే వెక్కిరిస్తున్నామనుకుంటాడు. కాని కొత్తపేటకి రెండు మైళ్ళ ఇవతల, కాలవ గట్టునున్న ఆ అగ్రహారంలో ఒడియాలు పెట్టుకోవాలంటే ఆడవాళ్ళు చాప చంకన పెట్టుకుని ఎండ ఎక్కడుందా అని వెతుక్కునేవారు. సైన్సు మాస్టారు బాలగంగాధరం తండ్రి నలభై ఏళ్ళు సూర్యనమస్కారాలు చేసిన మనిషి. ఆయనకీ సూర్యుడు కనపడాలంటే కాలవ దాకా నడవక తప్పేది కాదు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పందిరేసినట్టు అల్లుకుని, వాటిని తప్పించుకుని కిందకి దిగిన ఎండ రూపాయి బిళ్ళంత ఉండేది.

అలాంటి ఇంటికి 1987 మాఘమాసంలో మాస్టారు సోలారు కుక్కరు పట్టుకొచ్చారు. సగం సొమ్ము ప్రభుత్వం వారు పెట్టుకున్నారు, సగం ఆయన పెట్టుకున్నారు. చూడ్డానికి సూట్‌కేసులా ఉంటుంది. మూతకి లోపల అద్దం, దాని కింద రెండు పొరల గాజు, ఆ కింద మూతలున్న నాలుగు నల్లటి గిన్నెలు. ఎండలో పెడితే రెండు గంటల్లో అన్నం, మూడు గంటల్లో పప్పు. పొగ ఉండదు.

ఆ పొగ కోసమే అంతా. విశాలాక్షి అంటే విశాలమైన కళ్ళు కలది అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు అబద్ధం ఆడలేదు కూడాను. కాని పాతికేళ్ళు కొబ్బరిమట్టల పొయ్యి ముందు కూర్చున్నాక మాస్టారి భార్య విశాలాక్షికి ఎడమకంట పువ్వేసింది. కుడికన్ను ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళోడుతూ ఉండేది. రాజమండ్రిలో డాక్టరు లైటు వేసి చూసి, "పొగ మానేస్తే ఈ కన్ను దక్కుతుందమ్మా. మానకపోతే నేను చెప్పలేను" అన్నాడు. పొగ మానడమంటే వంట మానడమే. గ్యాసుకి పేరు రాయించి నాలుగేళ్ళయింది, పిలుపు రాలేదు. కిరసనాయిలు స్టవ్వు మీద వండింది అత్తగారు బుల్లెమ్మగారి మడికి పనికిరాదు.

బుల్లెమ్మగారికి డెబ్భై అయిదు. కుక్కరు చూసి ఆవిడ మడి పేరెత్తుతుందని మాస్టారు రెండు శ్లోకాలు వల్లె వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆవిడ పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "సూర్యుడు ముట్టుకుంటే మైలేవిట్రా. అక్షయపాత్ర ఇచ్చింది ఆయనే కదా" అనేసింది. శ్లోకాలు వృథా అయిపోయాయి.

మరి మిగిలిన దేశంలో ఈ పెట్టెకి చెప్పే గొప్ప లాభం కట్టెల ఖర్చు తగ్గడం. కోనసీమలో ఆ లాభం చెల్లదు. ఇక్కడ వంటచెరుకు ఆకాశంలోంచి దానంతటదే పడుతుంది. మట్ట రాలితే పొద్దుటి వంట, కొబ్బరి డొక్కలుంటే సాయంత్రం కాఫీ. పక్కింటి వెంకటరమణమ్మ ఊరుకుంటుందా? కంచె మీంచి తొంగి చూసి, "ఊరికే రాలే మట్టలుండగా డబ్బెట్టి ఎండ కొనుక్కున్నారంటగా మాస్టారూ" అంది.

"ఆయ్, కొన్నామండి" అన్నారు మాస్టారు.

"డెలివరీ ఇచ్చేరా అండి?"

ఇవ్వలేదు. ఎనిమిదింటికి పెట్టె తులసికోట దగ్గర పెడితే తొమ్మిదింటికి ఎండ జామచెట్టు కిందకి పోయింది. జామచెట్టు దగ్గరికి వెడితే నూతిగట్టుకి పోయింది. మాస్టారు సెలవు పెట్టి మరీ రెండింటి దాకా పెట్టె మోసుకుంటూ తిరిగారు. చివరికి మూత తీస్తే గోరువెచ్చటి నీళ్ళలో నానిన బియ్యం. ఆ పూట విశాలాక్షి మళ్ళీ మట్టలు ముట్టించింది.

మర్నాడు దింపుకి వచ్చిన సత్తియ్యని మాస్టారు సలహా అడిగారు. కాయ దింపడంలో ముప్పై ఏళ్ళ అనుభవం అతనిది. పెరట్లో ఎండ సంగతి కింద తిరిగేవాళ్ళ కంటే పైకెక్కేవాడికే బాగా తెలుస్తుంది. "పెట్టె పెరటి మధ్యలో పెట్టి చూస్తూ ఉండండి మాస్టారండీ" అని అతను ఒక్కొక్క చెట్టే ఎక్కాడు. రెండు చెట్లెక్కినా ఏమీ లేదు. మూడోది, దక్షిణం వైపుది ఎక్కి మొవ్వు దగ్గర కూర్చునేసరికి, కుక్కరు గాజు మీద కొబ్బరాకుల నీడ మధ్య ఒక మనిషి నీడ వచ్చి కూర్చుంది.

"నేను కనపడుతున్నానాండీ?" అన్నాడు పైనుంచి.

కనపడుతున్నాడు. మిగతా చెట్ల నీడ పెంకుల మీదకి పోతోంది. పదింటి నుంచి ఒంటిగంట దాకా పెరట్లో ఎండకి అడ్డు అదొక్కటే.

అదే పెద్దాడు. మాస్టారు పుట్టడానికి రెండేళ్ళ ముందు, పిల్లలు కలగడం లేదని మొక్కుకుని బుల్లెమ్మగారు తన చేత్తో పాతిన చెట్టు. అందుకని అది పెద్దాడు, మాస్టారు చిన్నాడు. పెద్దాడు ఏటా వంద కాయలిచ్చి ఏనాడూ ఎదురు చెప్పలేదని, చిన్నాడికే నోరెక్కువని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మాస్టారు గొంతు సవరించుకునే లోపునే, "పెద్దాణ్ణి కొట్టి నీ పెట్టె కొలువుంచుతావా? నా తరవాత చూసుకో" అంది బుల్లెమ్మగారు. అంతే. కుక్కరు అటకెక్కింది. పది రోజుల్లో దాన్లోకి అప్పడాలు చేరాయి.

విశాలాక్షి ఆ చెట్టు ఊసెత్తలేదు. కన్ను పోతుందన్న భయం ఆవిడకి లేక కాదు. చీకటి గదిలో నడిచినట్టు కళ్ళు మూసుకుని వంటింట్లో డబ్బాలు తడిమి గుర్తుపెట్టుకోవడం అప్పటికే మొదలుపెట్టింది. ఉప్పు కుడివైపు, చింతపండు కింద. కాని ఒకావిడ మొక్కుకుని పాతిన చెట్టు కొట్టమని ఏ నోటితో అడుగుతుంది?

బుల్లెమ్మగారికి చదువు రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక విశాలాక్షి వారపత్రికలో సీరియలు చదివితే వినడం ఆవిడ నిత్యవ్రతం. ఆ వారం సీరియల్లో పిల్ల పెట్టె పుచ్చుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది, రైలు కూత కూసింది, కదిలింది. అక్కడ విశాలాక్షి ఆగిపోయింది. అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చెంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది, మళ్ళీ అంతే.

"ఎక్కిందా, లేదా?" అంది బుల్లెమ్మగారు.

"కనపడ్డం లేదత్తయ్యగారూ."

"పిల్లా?"

"అక్షరాలండి."

మూడు వారాల పత్రికలు మడత విప్పకుండా పడున్నాయి. వెంకటరమణమ్మ కంచె దగ్గరికొచ్చి, "ఎక్కిందో లేదో నేను చెప్పనాండి పిన్నిగారూ" అంది.

"నీ నోట వినడం కంటే చెవుడొచ్చినా నయమే" అని లోపలికొచ్చేసింది బుల్లెమ్మగారు.

ఆ మధ్యాహ్నం పొయ్యి ముందు కోడలు కళ్ళు మూసుకుని ఉప్పు డబ్బా కోసం తడమడం ఆవిడ గుమ్మంలోంచి చూసింది. కన్ను తెరిచే వండొచ్చు ఇంకా. తెరవకుండా అలవాటు చేసుకుంటోంది.

మర్నాడు బుల్లెమ్మగారు సత్తియ్యని పిలిపించింది.

"కాపు చెట్టండి పెద్దమ్మగారూ. చెయ్యి రాదండి."

"నాకు మాత్రం నోరొచ్చిందా? కొట్టు. మొదలంటా కాదు, నడుమెత్తున వదిలెయ్."

విశాలాక్షి తడిచేతుల్తో పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యగారూ, వద్దండి. మీ పెద్దాడు..."

"పెద్దాడన్నాక ఇంటికి అక్కరకి రావద్దుటే? నువ్వు పక్కకి జరుగు. ఆ పిల్ల ఇంకా ఎన్నాళ్ళు ప్లాట్‌ఫారం మీద నిలబడి చావాలి?"

సత్తియ్య చెట్టుకి దణ్ణం పెట్టుకుని, తాళ్ళు కట్టించి, కాలవ వైపుకి పడగొట్టాడు. చెట్టు తలలోని తియ్యటి మొవ్వు తీసి నాలుగిళ్ళకి పంచారు. వెంకటరమణమ్మకి పెద్ద ముక్క వెళ్ళింది. తీపి నోరు మూయిస్తుందని బుల్లెమ్మగారి లెక్క. ఆవిడ మాత్రం ఒక్క ముక్కా నోట్లో పెట్టుకోలేదు.

నడుమెత్తు మొద్దు ఎందుకో అప్పుడు తెలిసింది. ఆవిడ తన తిరగలి తెచ్చి దాని మీద పెట్టించింది. పిడి ఊడదీసి, పైరాయి మీద పలక వేయించి, పలక మీద కుక్కరు ఎక్కించింది. సూర్యుడు ఎటు నడిస్తే అటు పెట్టె తిరుగుతుంది, మోయక్కర్లేదు. సైన్సు మాస్టారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అమ్మా, ఈ ఆలోచన నాకు రాలేదు" అన్నారు.

"నువ్వెప్పుడు విసిరేవు గనక."

వానాకాలం కుక్కరు పనిచెయ్యదు. వేపుళ్ళు దాన్లో కుదరవు. పోపు పెట్టాలంటే పొయ్యి ముట్టించాల్సిందే, అయితే ఆ అయిదు నిమిషాలూ మాస్టారు వంటింట్లోకి వెళ్ళి దగ్గుతూ పెట్టుకొచ్చేవారు. పెద్దాడి వంద కాయలూ మళ్ళీ రావు. ఎడమకంటి పువ్వూ పోలేదు. కాని వైశాఖం వచ్చేసరికి కుడికంట ఎరుపు తగ్గింది, నీళ్ళు ఆగాయి. రాజమండ్రి డాక్టరు మళ్ళీ లైటు వేసి చూసి, "ఏం మందు వాడేరమ్మా?" అని అడిగాడు. విశాలాక్షి నవ్వేసింది. బస్సులో వస్తూ కిటికీలోంచి ఊళ్ళ పేర్లు, కొట్ల బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, కనపడినవన్నీ దారి పొడుగునా చదువుకుంటూ వచ్చింది.

మర్నాడు మొద్దు పక్కన, గోడవార నీడలో చాప వేసుకుని పత్రికల కట్ట విప్పింది. పెట్టెలో పప్పు ఉడుకుతోంది. బుల్లెమ్మగారు పలక మీద చెయ్యేసుకుని పీట మీద కూర్చుంది.

"రైలు కదిలింది. సుగుణ ఒక్క అడుగు ముందుకి వేసి..."

"ఆగాగు" అంది బుల్లెమ్మగారు. "నీడొచ్చేస్తోంది. రైలు కాస్త ఆపు, ఎండ తిప్పాలి."