నా బీపీ ఊరందరికీ తెలిసిన రోజు

చాలా ఏళ్లు కిడ్నీ డాక్టరుగా పనిచేశాను. నా దగ్గరికి వచ్చేసరికే చాలామందికి కిడ్నీలు పాడైపోయి ఉండేవి. జబ్బు ముదరకముందే పట్టుకోవాలని ఆసుపత్రి వదిలి ప్రజారోగ్య శాఖలో చేరాను.

ఆ కొత్తలో శంషాబాద్ దగ్గర ఒక ఊళ్లో బీపీ పరీక్షల శిబిరం పెట్టాం. బీపీ వల్ల కిడ్నీలు ఎలా దెబ్బతింటాయో మైకులో చెప్పాను. పైన విమానం పోయినప్పుడల్లా ఆగి, మళ్లీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. పరీక్షకు మాత్రం ఒక్కరూ లేవలేదు.

ముందు కూర్చున్న ఒక పెద్దమ్మ, "మాకేం రోగముంది డాక్టరమ్మా? ముందుగాల నువ్వు చూపించుకో" అంది.

నవ్వుతూ చెయ్యి చాపాను. నర్సు ఒకటికి రెండుసార్లు చూసి, వంగి నా చెవిలో చెప్పింది. నా చేతిలో మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. "మేడం, మీకు బీపీ చాలా ఎక్కువుంది" అన్న మాట ఊరంతా వినిపించింది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పెద్దమ్మ లేచి వచ్చి, "అయ్యో బిడ్డా! గింత చదివిన నీకే తెల్వలే, ఇగ మాకేం ఎరుక?" అంటూ పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఆమె వెనకే అందరూ వరుస కట్టారు.

వాళ్లలో ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ నడిపే మల్లేశ్‌కు నాకంటే ఎక్కువ బీపీ ఉంది. తర్వాత చేయించిన పరీక్షల్లో కిడ్నీలకు దెబ్బ అప్పుడప్పుడే మొదలైనట్టు తేలింది. మందులతో అది అక్కడే ఆగింది. ఇప్పటికీ ట్యాక్సీ నడుపుతున్నాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ, అంత ముందుగా నా దగ్గరికి వచ్చిన మనిషిని నేను చూడలేదు.

– సుజాత, బడంగ్‌పేట్