కిటికీ తెర మీది పువ్వు పేరు

మహేశ్వరం దగ్గర ముప్పై ఏళ్లు పూలతోట చేసిన మనిషి చంద్రమ్మ. బంతి అయినా చేమంతి అయినా కళ్లు మూసుకొని వేలితో తాకితే చాలు, ఈ పొద్దు కోసిందో నిన్నటిదో చెప్పేసేది. మోకాళ్లు పట్టేశాక తోటను మరిదికి అప్పజెప్పి, 2012లో బడంగ్‌పేట్‌లో కొడుకు కట్టుకున్న కొత్త ఇంటికి వచ్చింది.

ఆ ఇంటి హాల్లో పడమటి కిటికీ బాగా పెద్దది. మూడు గంటలయిందంటే ఎండ సోఫా దాకా వచ్చి కూర్చునేది. బ్లైండ్స్ పెట్టిద్దామని కోడలు నిర్మల శంషాబాద్ నుంచి జెరూషాను పిలిపించింది. అక్కడ ఆమెకు చిన్న దుకాణం ఉంది. కొలతలు తీసేదీ, బిగించేదీ తనే. దారం లాగితే బట్ట పైకి ఎలా చుట్టుకుపోతుందో చూపించి, లావుపాటి నమూనాల పుస్తకం తెరిచింది.

"పూలవి చూపియ్యి. పూల సంగతి మా అత్తమ్మనే చెప్పాలె," అంది నిర్మల.

చంద్రమ్మ అద్దాలు పెట్టుకొని పుస్తకం ఒళ్లోకి లాక్కుంది. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు.

"గీ బంతిపువ్వు జూడు, తీగకు పూసింది! చేమంతికేమో మల్లె ఆకులు పెట్టిండ్రు. ఎవలు గీసిండ్రు బిడ్డా?"

"ఏమో పెద్దమ్మా, కంపెనీ నుంచి గట్లనే వస్తయి," అంది జెరూషా.

తర్వాతి పేజీ దగ్గర చంద్రమ్మ చెయ్యి ఆగిపోయింది. లేత నీలి రంగు పువ్వు. ఐదు రేకులు, వాటి మీద సన్నటి గీతలు. ఎంత నచ్చిందో అంత చికాకూ పెట్టింది, పేరు నోటికి రాలేదు మరి.

"గిదేం పువ్వు?"

"పేరుండదు పెద్దమ్మా, నంబరే ఉంటది."

"పేరు తెల్వని పువ్వును ఇంట్ల ఎట్ల పెట్టుకుంటం? ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె?"

"ఎవ్వలడగరు అత్తమ్మా," అని నిర్మల తల పట్టుకుంది.

"నేనడుగుత కదా!"

జెరూషా నవ్వి, ఆ బట్ట ముక్కను ఊడదీసి ఇచ్చింది. మూడు రోజులు చంద్రమ్మ అది పట్టుకొని కాలనీ అంతా తిరిగింది. పక్కింటి కుర్మయ్య శంఖుపువ్వు అన్నాడు. శంఖుపువ్వు తనకు తెలియనిదా! నాలుగో రోజు నిర్మలను వెంటబెట్టుకొని రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికే వెళ్లింది. అక్కడ పాఠాలు చెప్పే మాధవీలత, కోస్తా నుంచి వచ్చినావిడ, బట్ట ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది అవిసె పువ్వమ్మా. మీరు పొడి కొట్టుకుంటారే, ఆ అవిసెలే."

చంద్రమ్మ బట్ట ముక్కను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మా అత్త ఏటేటా చేన్ల ఏసేది మేడం! నేనే పొడి కొట్టేదాన్ని. గీ పువ్వు మాత్రం ఎన్నడు సూడలే!"

"చేనుకి ఏ వేళకి వెళ్లేవారు?"

"పొద్దుగాల తోటల పూలు కోసుడు నా పని. అది అయినంక, పగటికి పోయేదాన్ని."

"అందుకేనమ్మా. పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నానికల్లా రేకులు రాల్చేస్తుంది."

ఊరంతటికీ పూలు కోసిచ్చిన తను, సొంత చేలో పూసిన పువ్వును ఒక్కసారీ చూడలేదన్నమాట. చంద్రమ్మకు కాస్త బాధే వేసింది. కానీ ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు. ఎన్ని రోజులకు పూస్తుంది, తెల్లవి కూడా ఉంటాయా, తేనెటీగలు వాలతాయా అని అడుగుతూనే ఉంది. మాధవీలత లావుపాటి పుస్తకం తీసి రంగు బొమ్మ చూపించింది. చంద్రమ్మ రేకులు లెక్కబెట్టి తృప్తిపడింది.

వారం తిరిగేసరికి జెరూషా నీలిపూల బ్లైండ్ తెచ్చి హాల్లో బిగించింది. పని అయిపోయినా చంద్రమ్మ ఆమెను వెళ్లనివ్వలేదు. టీ ఇచ్చి, పుస్తకం మళ్లీ తెరిపించింది. తను పేర్లు చెబుతుంటే జెరూషా ఒక్కో ముక్క వెనకాల పెన్నుతో రాసుకుంది. తప్పుడు ఆకులున్న చోట ఆ మాటా రాయమంది చంద్రమ్మ. ఇక మీదట కొనేవాళ్లు అడిగితే నంబరు చెప్పక్కర్లేదని జెరూషా సంబరపడింది.

చివరి పేజీలో ఎర్రటి గంటల్లాంటి పూలు గుత్తులుగా వేలాడుతున్నాయి. చంద్రమ్మ అద్దాలు తుడుచుకొని వంగి చూసింది.

"బిడ్డా, జర గీ ముక్క గూడ ఊడదియ్యి," అంది.