అల్లుడుగారు చేపలు తినరు

దెందులూరుకి దిగువన, కొల్లేటి వైపు మాకు చేపల చెరువులున్నాయి. రెండు సొంతవి, ఒకటి కౌలుకి తీసుకున్నది. వాటిలో శీలావతి, బొచ్చె పెంచుతాను. మా నాన్నగారూ అదే పని చేశారు. పళ్లు సరిగా రాకముందే ముల్లు తీసిన ముక్క నా నోట్లో పెట్టారని ఇంట్లో చెప్పేవారు. అటువంటి నేను ఇప్పుడు చేపలు తినను. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టను. ఇందులో నా ఆదర్శమేమీ లేదు. మా ఇంట్లో వంట చేసే మనిషి ఒక్కరే.

ఆ మనిషి నా భార్య. వట్లూరులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె కంగారు పడలేదు. సెలవుల్లో కూర్చుని దొరికినదల్లా చదివింది, ఫోనులో వీడియోలు చూసింది, చివరికి ఒక ఆదివారం ఉదయం నా ముందు కాఫీ పెట్టి తన నిర్ణయం చెప్పింది. జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినదట. మిల్లులో తెల్లగా చేసినవీ, ఫ్యాక్టరీలో పొడి చేసినవీ కూడా మెల్లగా మానేస్తుందట.

"మంచిదే, మానెయ్," అన్నాను.

"మీరూ మానాలండీ."

"నాకు కొవ్వు లేదు కదా."

"నేనొక్కదాన్నే తింటే నాకేదో రోగమున్నట్టుంటుంది. ఇద్దరం తింటే అలవాటులా ఉంటుంది."

అయితే ఒక్కసారిగా కాదని, ఒకదాని తరవాత ఒకటి మానుదామని బేరం పెట్టాను. ఆమె సరేనంది. బేరంలో గెలిచానని అప్పుడు అనుకున్నాను.

ముందు పాలు పోయాయి. మాకు రోజూ గేదె పాలు పోసే ఆవిడకి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ క్యాను కిందపెట్టి నా మొహంలోకి చూసింది.

"ఎవరి దగ్గర పోయించుకుంటున్నారండీ?"

"ఎవరి దగ్గరా కాదమ్మా. పాలే తాగడం లేదు."

"నీళ్లు ఎక్కువయ్యాయంటే చెప్పండి, తగ్గిస్తాను."

నీళ్ల సంగతి అంతవరకు మాకు తెలియదు. కాదని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. వారం రోజులపాటు మా వీధిలోకి వచ్చే ప్రతి పాలవాడినీ మా గుమ్మం దాటేదాకా చూస్తూ నిలబడేది.

పెరుగు విషయంలో కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాను. నా భార్య వేరుశనగపప్పు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పచ్చిమిరపకాయల తొడిమలు వేసి తోడుపెట్టేది. అది తోడుకునేది కూడా. తినేటప్పుడు మాత్రం చట్నీ చేయబోయి మధ్యలో మనసు మార్చుకున్నట్టుండేది. పెరుగు అనుకోకుండా తింటే బాగానే ఉంటుందని నెల రోజులకి తెలిసింది.

తరవాత తెల్లబియ్యం పోయింది. మా ధాన్యం తాడేపల్లిగూడెంలో తెలిసిన మిల్లులో ఆడిస్తాం. చెరువులకి తవుడు కూడా అక్కడినుంచే తెస్తాను. తవుడు నింపిన బస్తాలకి చిల్లులు పెట్టి నీళ్లలో పాతిన కర్రలకి కడితే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఈసారి ఇంటి బియ్యానికి పాలిష్ పట్టొద్దని, పొట్టు మాత్రం తీసి ఇమ్మని మిల్లు యజమానిని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"అంటే తవుడు మీరే తినేస్తారా అండీ?"

"బియ్యంతో పాటు ఉంటుంది కదండీ, అలాగే తింటాం."

"మరి చేపలకేం పెడతారు?"

ఆయన హాస్యమాడడం లేదు. చేపల కోసం వేరే తవుడు ఎప్పటిలాగే కొంటానని చెప్పాక స్థిమితపడ్డారు. ఆ బియ్యం ఉడకడానికి రెట్టింపు సేపు పట్టింది. నమలడానికి ఇంకా ఎక్కువ సేపు పట్టింది. భోజనాల దగ్గర మేమిద్దరం మాట్లాడుకోవడం తగ్గింది. నోరు ఖాళీ ఉండేది కాదు.

చేప అన్నిటికన్నా చివర పోయింది. నేనే దాన్ని వెనక్కి నెడుతూ వచ్చాను. వారానికి ఒకసారి అన్నాను, తరవాత చెరువులో చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున మాత్రం అన్నాను. ఒక పట్టుబడి రోజున గట్టు మీద కూలీలు వండిన పులుసు ఆకులో వేసుకుని కూర్చుంటే నాకు ఆకలి వేయలేదు. జాలి కాదు, అసహ్యం కాదు. ఇంటి దగ్గర కందిపప్పు, తోటకూర తినేసి వచ్చాను, కడుపు నిండుగా ఉంది. ఆకు పక్కవాడి వైపు జరిపాను. ఆ తరవాత మళ్లీ వేసుకోలేదు. అంత సులువుగా పోయిందేమిటా అని నాకే కొంచెం అవమానంగా అనిపించింది.

అసలు కష్టం తాడేపల్లిగూడెంలో ఎదురైంది. అక్కడ మా అత్తగారుంటారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా ఉన్నా కూతురితోనే అంటారు. అది కోపం కాదు, మర్యాద. ఆ రోజు మేం వెళ్లేసరికి నాటుకోడి కూర, కొర్రమీను పులుసు, గారెలు, గిన్నెడు నెయ్యి సిద్ధంగా ఉన్నాయి. నా భార్య సంచిలోంచి మా ముడిబియ్యం అన్నం, దొండకాయ కూర తీసి బల్ల మీద పెట్టింది.

అత్తగారు ఆ డబ్బాల వంక చూశారు. "ఏమే, అల్లుడుగారికి ఇక్కడేం లోటు చేశాం?"

"లోటు కాదమ్మా. మేం మానేశాం. ఫోన్లో చెప్పాను కదా."

"నువ్వు మానేశానన్నావు. ఆయన కూడానా?"

"వీగన్ అంటారమ్మా."

"అదేం జబ్బే?"

"జబ్బు కాదు."

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. "పెళ్లప్పుడు తినే కుటుంబమనే కదే ఇచ్చాం," అన్నారు. "చేపల చెరువులున్నాయి, పిల్లకి చేపకి లోటుండదని మీ నాన్న ఎంత మురిసిపోయారు!"

నేను దొండకాయ కూర కలుపుకున్నాను. గోంగూర పచ్చడి వేసుకుంటానని, అందులో ఫ్యాక్టరీ నూనె ఉన్నా పరవాలేదని, రాజీకి వచ్చినవాడిలా చెప్పాను. అత్తగారు పచ్చడి వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం పక్కింటివాళ్లకి కోడికూర వెళ్లింది. మాకు మా ఖాళీ డబ్బాలు వచ్చాయి.

ఈలోగా చెరువుల దగ్గర వేరే కథ నడుస్తోంది. మా కాపలాదారు హైవే పక్క టీ బడ్డీ దగ్గర, మా అయ్యగారు చేపలు మానేశారండి, అని మాట వరసకి అన్నాడట. టీ తాగేవాళ్లలో వేరే చెరువుల మనుషులూ ఉంటారు, ఐసు లారీల డ్రైవర్లూ ఉంటారు. నాలుగు రోజులకి ఏలూరు నుంచి వ్యాపారి ఫోన్ చేశాడు. ఏళ్లుగా మా సరుకు కొనేది ఆయనే.

"ఏవండీ, మీరు చేపలు మానేశారటగా?"

"మానేశానండి."

"చెరువుకేమైనా వచ్చిందా అండీ?"

"చెరువుకేం రాలేదండి."

"మందులేమైనా ఎక్కువ వేశారేమో..."

"లేదండి. మా ఇంట్లో కూరగాయలు తింటున్నాం."

"సరేనండి," అన్నాడు, డాక్టరు రోగి మాట విన్నట్టుగా.

పట్టుబడి రోజున ఎప్పుడూ గుమస్తాని పంపేవాడు, ఈసారి తనే వచ్చాడు. అదే రోజు మా అత్తగారికి ఏలూరులో కంటి పరీక్ష. నా భార్యకి కాలేజీలో పరీక్షల డ్యూటీ ఉండడంతో ఆవిణ్ణి నేనే తీసుకెళ్లాను. డాక్టరు మందుచుక్కలు వేసి, చూపు మసగ్గా ఉంటుందని, సాయంత్రం దాకా నల్లకళ్లజోడు పెట్టుకోమని చెప్పారు. మా ఇంట్లో ఒక్కరినే దించి రావడానికి మనసొప్పలేదు. "చెరువు దగ్గరికి వెళ్లాలండి," అన్నాను. ఆవిడ కారు అద్దంతో చెబుతున్నట్టు, "కార్లో కూర్చునేదానికి ఎక్కడైనా ఒకటే," అన్నారు.

మేం వెళ్లేసరికి వల ఒడ్డుకి లాగేశారు. వ్యాపారి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చేప మొప్పలు ఎత్తి చూస్తున్నాడు. ఎర్రగానే ఉన్నాయి. వాసన చూశాడు. పొట్ట నొక్కాడు. తప్పు దొరక్కపోవడం ఆయన అనుమానాన్ని ఇంకా పెంచింది. గట్టు మీద కూలీలు పులుసు దించారు. ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.

"ఒక్క ముక్క తినండి. మీరు తింటే ఇప్పుడే లోడెత్తించేస్తాను."

"నేను తిననండి."

"అదేకదండీ నేననేది."

ట్రేలలో ఐసు కరుగుతోంది. కూలీలు మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డారు. తింటే ఏమవుతుందని నేనూ ఆలోచించాను. ఏమీ కాదు. నా భార్య కూడా ఏమీ అనదు. కానీ ఒకరికి రుజువు చూపించడం కోసం తినాలంటే మనసు రాలేదు. అలాగని సరుకు ఎండలో పెట్టుకుని కూర్చోలేను కూడా.

కారు తలుపు తెరుచుకుంది. మా అత్తగారు నల్లకళ్లజోడుతో, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, గట్టు మీదికి నడిచి వచ్చారు. నేను చెయ్యి అందించాను.

"ఇక్కడేదో పులుసు వాసన వస్తోంది," అన్నారు.

కాపలాదారు ఆవిడకి బస్తా పరిచి, ఆకులో అన్నం, పులుసు వేశాడు. "తలకాయ వెయ్యి," అన్నారు. వేశాడు.

"చూపు సరిగా లేదు, ముళ్లుంటాయండి," అన్నాను.

"ముల్లు కంటికి కాదు, చేతికి తెలుస్తుంది," అన్నారు. నాతోనే అన్నారు.

తలకాయ విడదీసి, కళ్లూ బుగ్గలూ తిని, ఎముకలు ఒకవైపు వరసగా పెట్టారు. తరవాత నడిమి ముక్క వేయించుకున్నారు. చింతపండు చాలలేదని వండినవాడికి చెప్పారు. వ్యాపారి ఆవిణ్ణే చూస్తున్నాడు.

"ఎవరండీ వీరు?" అని నన్నడిగాడు.

"మా అత్తగారండి."

వల లాగే ముఠా మేస్త్రి వెనకనుంచి, "అత్తగారైతే లెక్కలోకి రాదేమోనండి," అన్నాడు. కూలీలు నవ్వు ఆపుకున్నారు. వ్యాపారికి కూడా అదే సందేహం ఉన్నట్టుంది.

మా అత్తగారు తినడం ఆపలేదు. "ఏం బాబూ, నన్ను చంపితే మా అల్లుడికేం వస్తుంది? ఇల్లు మా అమ్మాయి పేర ఎప్పుడో రాసేశాను," అన్నారు. "చేప శుభ్రంగా ఉంది. తింటే తిను, లేకపోతే బండి తియ్యి. ఐసు కరిగిపోతోంది."

వ్యాపారి ఆవిడ పక్కనే కూర్చుని ఆకు వేయించుకున్నాడు. చింతపండు తక్కువైందని ఆయనా ఒప్పుకున్నాడు. తరవాత లోడు ఎత్తారు.

తిరిగి వస్తుంటే దెందులూరు దాటాక అత్తగారు మాట్లాడారు. "చేప మంచిదే."

"అవునండి."

"మరి మీరెందుకు తినరు?"

పెళ్లయ్యాక ఆవిడ నన్ను నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అది. మంచి జవాబు చెప్పాలనిపించింది. "తినాలనిపించడం లేదండి," అన్నాను.

"అలా చెప్పొచ్చుగా," అన్నారు. "అదేదో ఇంగ్లీషు పేరు చెబితే భయపడ్డాను."

తరవాతిసారి తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు నాకు పనసపొట్టు కూర, కందిపచ్చడి, కొబ్బరిపాలతో పాయసం చేశారు. పాయసంలో బెల్లమే వేశారు. తనకి మాత్రం బల్ల అవతలి చివర చేపముక్క పెట్టుకున్నారు. "ఆయనకి వాసన పడుతుందా?" అని కూతుర్ని అడిగారు. నేరుగా మాట్లాడడం ఆ ఒక్క రోజుకే.

నా భార్య రక్తపరీక్ష బాగా వచ్చింది. డాక్టరు సంతోషించి, తను రాసిన మాత్రలు బాగా పనిచేశాయన్నారు. ఇప్పుడు మాకిద్దరికీ బీ పన్నెండు మాత్ర కూడా రాశారు, అది కూరగాయల్లో దొరకదట. అదీ వేసుకుంటున్నాం. పాలు పోసే ఆవిడ ఇప్పుడు మాకు మునగాకు తెచ్చిస్తోంది. దాని మీద కూడా నీళ్లు చల్లే తెస్తుంది.

ఈ వేసవిలో కౌలు చెరువు గడువు అయిపోయింది. మళ్లీ తీసుకోనని దాని యజమానికి చెప్పాను. ఆ సాయంత్రం నా భార్య చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని ఉంది. ఆ సంగతి చెప్పాను.

"ఎందుకు వదిలేశారు?"

"మేత ఖరీదు పెరిగింది. మూడిటినీ చూసుకోలేకపోతున్నాను."

"అంతేనా?"

"అంతే," అన్నాను. మేత ఖరీదు పెరిగిన మాట నిజమే.

ఆమె సగం కాయలు నా వైపు జరిపింది. ఈనెలు తీయడం మొదలుపెట్టాను.