అడ్డచుట్ట సంగతి డాక్టరుకు చెప్పలేదు

నిరుడు చలికాలంలో మా అత్తకు గుండెల్లో మంట పట్టుకుంది. వంగి వాకిలి ఊడ్చినా, అన్నం తిని నడుం వాల్చినా పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. రొమ్ము రాసుకుంటూ లేచి కూర్చునేది. వాము నమిలింది, వంటసోడా నీళ్లు తాగింది. కాసేపు హాయిగా ఉండేది, మళ్లీ మొదలు. నెల తిరిగేసరికి ఆవిడకి కంచం చూస్తేనే భయం వేసింది. ఎండుచేపల పులుసు పెట్టినా నాలుగు ముద్దలు తిని లేచిపోయేది.

ఒకరోజు పక్కింటావిడ నా చెవి దగ్గరికొచ్చి, "రాసపుండేమో, సూపించమ్మా" అంది. క్యాన్సరన్న మాట చెవిన పడ్డాక నాకు కాలు నిలవలేదు. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. దానికి ఒళ్లు వెచ్చబడితే చాలు, తిండి మానేసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. అత్త వచ్చి పిల్లను అందుకుని, "నివ్వెల్లి అన్నం తిను, గుంటని నాను సూస్తాను" అనేది. ఆవిడకేమైనా అయితే? ఆ ప్రశ్న దగ్గర నా బుర్ర ఆగిపోయేది.

మేముండేది నరసన్నపేట. బస్సెక్కి శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేరే జిల్లా మనిషి, నాకంటే ఏ రెండేళ్లో పెద్ద. పొట్ట నొక్కి చూసి, "చుట్ట, బీడీ, పొగాకు నమలడం, ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవండీ" అనేశాను, అత్త నోరు తెరవకముందే.

మా వైపు ఆడవాళ్లు అడ్డచుట్ట కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, పనులన్నీ అలాగే చేసుకుంటారు. మా అత్త అలాగే నాట్లు వేసింది, కోతలు కోసింది. నేను విజయనగరంలో కాలేజీకి వెళ్లే రోజుల్లో హాస్టలు వంటమనిషి అలా కాలుస్తుంటే అందరం నవ్వేవాళ్లం. ఎక్కువ నవ్వింది నేనే. ఆ డాక్టరు ముందు ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

తెల్లటి మందిచ్చారు. సీసాకు మోతాదుల కోసం అంచు కత్తిరించిన కాగితం అంటించి ఉంది. అత్త గుర్తు తప్పకుండా తాగేది. తాగాక నోరు చప్పగా ఉందని చుట్ట ముట్టించేది. నేను చూసీ చూడనట్టు పాపకు పాలు పట్టేదాన్ని. రెండు సీసాలయ్యాయి. మంట తగ్గలేదు.

రెండోసారి వెళ్తే డాక్టరు, "ఇంకో వారం చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే విశాఖపట్నం పెద్దాస్పత్రికి రాస్తాను, లోపల ఫొటో తీయాలి" అన్నాడు. వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడ్డాను.

"అత్తా, చుట్ట సంగతి నేను దాచేశాను."

"తెలుసే. పక్కనే ఉన్నాను గదా, నాకేటి సెవుడా?"

"మరి నువ్వైనా చెప్పొచ్చు కదా!"

"సదువుకున్నదానివి, ఏదో ఉంటాది అనుకున్నాను. నీ మొకం సూసినాక తెలిసినాది, సిగ్గుపడతన్నావని. నలుగుర్లో నీకు నామర్దా ఎందుకని ఊరుకున్నాను."

ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు నవ్వలేదు, కసరలేదు. అత్త నోరు తెరిపించి, టార్చి వేసి అంగిలి చాలాసేపు చూశాడు. పుండేమీ లేదన్నాడు. ఎన్ని చుట్టలు, ఏ వేళప్పుడు తింటుంది, తిన్నాక ఎప్పుడు పడుకుంటుంది, అన్నీ అడిగాడు. మావారు ఆమదాలవలసలో ధాన్యం కొట్టు గుమాస్తా. ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. ఆయన తిన్నాక గానీ అత్త తినదు. తిని, చుట్ట కాల్చి, వెంటనే పడుకుంటుంది.

"దీపాలు పెట్టే వేళకే తినెయ్యాలి. తిన్నాక మూడు గంటలసేపు పడుకోకూడదు. చుట్ట మానెయ్యాలి" అన్నాడు డాక్టరు. పులుపు, కారం తగ్గించమన్నాడు, మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమన్నాడు.

ఇటుకలు పెట్టినప్పుడు అత్త, "ఓలమ్మ, రామతీర్థం కొండెక్కి పడుకున్నట్టున్నాది" అని నవ్వింది. పొద్దున తాగే పులిసిన అన్నం నీళ్లు, తరవాణి, మాన్పించి రాగులతో కాచిన చోడి అంబలిలో తాజా మజ్జిగ కలిపి ఇచ్చాను. చింతపండు లేకుండా ఆనపకాయ, బీరకాయ వండాను. వాటికి పేచీ పెట్టలేదు. పేచీ అంతా తినే వేళ దగ్గరే.

"కొడుకు తినకుండా నానెలా తింటాను? నోట్లోకెలా ఎల్తాది?"

"డాక్టరు చెప్పాడు కదత్తా."

"ఆడికేటి, సెప్తాడు. నివ్వు తింటావేటి, మొగుడు రాకుండా?"

రెండు కంచాలు పెట్టి, ముందు నేనే కూర్చుని ముద్ద కలిపాను. అత్త పాపను ఎత్తుకుని వచ్చి కూర్చుంది. మావారు వచ్చి విషయం విని, "మంచి పని చేశారు" అని తనే వడ్డించుకున్నారు. కూర మాత్రం చప్పగా ఉందన్నారు.

చుట్టే కష్టమైంది. మూడు రోజులు అందరి మీదా అరిచింది. నాలుగోరోజు గోడ వెనక్కి వెళ్లి కాల్చుకుంది. అయినా వారం తిరిగేసరికి మంట సగం తగ్గింది. కూర రెండోసారి అడిగి వేయించుకుంది.

మూడోసారి వెళ్తే డాక్టరు, విశాఖపట్నం అక్కర్లేదన్నాడు. "చుట్ట మానేశారా?" అని నా వైపు తిరిగాడు. నేను అత్త వైపు చూశాను.

"పగలు రెండు కాలుస్తన్నాను బాబూ. అబద్దవేటికి?"

"అవీ మానెయ్యాలమ్మా." మళ్లీ నాతో, "మీరు కనిపెట్టి ఉండాలండీ" అన్నాడు.

"దానికి గుంటతోనే సరిపోతాది. నా నోరు నాను సూసుకుంటాను" అంది అత్త.