మైకు ముందు స్టూలు

మొన్న ఫిల్మ్ నగర్‌లో ఆటో దిగుతుంటే ప్రొడక్షన్ వ్యాను పక్కన ఒకతను పట్టుపంచెకు ఇస్త్రీ చేస్తున్నాడు. నీళ్ళు చిలకరించిన బట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆ ఆవిరి వాసన ముక్కుకు తగిలింది. ఎందుకు దిగానో మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. యాదగిరి డాక్టరు గారి క్లినిక్కు కృష్ణానగర్‌లో సినిమా బట్టలు అద్దెకిచ్చే షాపు మీద ఉండేది. కింద రోజంతా రాజుల బట్టలూ పోలీసుల బట్టలూ ఇస్త్రీ అవుతుండేవి. పైన మేము మోకాళ్ళు పట్టుకుని, ఆ వాసన పీలుస్తూ మా వంతు కోసం కూర్చునేవాళ్ళం. మోకాళ్ళ డాక్టరు మేడ మీద దుకాణం పెట్టడమేమిటని ఆయన్ని ఎన్నిసార్లు దెప్పానో. "కిరాయి తక్కువమ్మా. మీరు మెట్లెట్ల ఎక్కుతున్నరో కూడా నాకు కిటికీలకెల్లి కనపడతది" అనేవారు. ఆ రెండోది నిజమో, మాటవరసకు అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. నా మొహం ఎవరికీ తెలియదు గాని, తెర మీద తల్లులూ అత్తలూ పెట్టిన శోకాల్లో చాలావాటికి గొంతు నాదే. తెనాలి నుంచి మద్రాసు వెళ్ళి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి పడ్డాను. అరవై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. మందుల షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, పాదాలు కూడా వాచాక ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఏందమ్మా, నొప్పి ఎట్లుంటది?" అని అడిగారో లేదో, నా విద్యంతా చూపించాను. అబ్బా అన్నాను, అమ్మో అన్నాను, చివర్లో చిన్న వెక్కు కూడా కలిపాను. బయట కూర్చున్నవాళ్ళు కంగారుపడి తలుపు తోసి చూశారు. ఆయన ఓపిగ్గా అంతా విని, "మస్తుగుందమ్మా. గది సినిమా నొప్పి. మీది ఎట్లుంటదో చెప్పుండ్రి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో మా కోడలు కూడా నేను మూలిగితే నటిస్తున్నాననే అనుకునేది. ఈయనా ఆ బాపతేనని కడిగేద్దామని నోరు తెరిచాను. తీరా చూస్తే, అంతమంది బాధకి గొంతిచ్చినదాన్ని, నా బాధ ఎలా ఉంటుందో నాకే తెలియలేదు. ఆయన తొందరపెట్టలేదు. కాసేపటికి, "నొప్పి ఎక్కువైతే నేను అసలు మాట్లాడనండీ. గోడవైపు తిరిగి పడుకుంటాను" అన్నాను. ఆయన నవ్వలేదు. "గిదీ నాకు కావాల్సింది" అని, అప్పుడు లేచి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేశారు.

షాపు మాత్రలు బంద్ అన్నారు. నాకున్న బీపీకి అవి రోజూ మింగితే కిడ్నీలకు మంచిది కాదట. వేరే మాత్ర రాశారు. నొప్పి తగ్గింది, నిజమే. కాని నాలుక మందమైపోయింది. తెర మీద నటి పెదాలు మూసుకున్నాక కూడా నా మాట ఇంకా సాగుతూనే ఉండేది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు, "అమ్మా, కొంచెం లేటు. వన్ మోర్" అంటాడు. మళ్ళీ వన్ మోర్. ఒక్క టేకులో చెప్పేస్తుందని పేరున్న మనిషిని నేను! మర్నాడు కోపంగా మెట్లెక్కి, ఆ మాత్రల షీటు ఆయన బల్ల మీద పడేసి, "నొప్పి తగ్గించమన్నాను గాని నా నోరు కట్టేయమన్నానా?" అని అడిగాను. అయితే ఓర్చుకోండి అంటారనుకున్నాను. ఆయన కుర్చీ నావైపు లాక్కుని, నా పని ఏమిటో, ఎలా చేస్తానో మొదటినుంచీ చెప్పించుకున్నారు. "నొప్పి మొత్తం పోదమ్మా, అబద్ధం చెప్ప. ఏది పోతే మీరు ఓర్వలేరో గది చెప్పుండ్రి. దాన్ని కాపాడుకుందాం" అన్నారు. "మైకండీ" అన్నాను. మాత్ర మోతాదు తగ్గించి రాత్రికి మార్చారు. తొడ కండరాలకి కసరత్తు నేర్పారు, వేడి కాపడం పెట్టుకోమన్నారు. "గిది కూడా పడకుంటే ఊకోవద్దు, అచ్చి కొట్లాడుండ్రి" అన్నారు. వైద్యుడితో కొట్లాడవచ్చని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు నేను పని చేసే తీరు చూస్తానని డబ్బింగ్ థియేటరుకే వచ్చారు. మూల నిలబడి చూసి, బయటికి వచ్చాక, "గంటలకొద్దీ నిలబడుడే మిమ్మల్ని తింటున్నది. ఎత్తు స్టూలు ఏయించుకోరాదుండ్రి?" అన్నారు. నేను ససేమిరా అన్నాను. కూర్చుంటే ఊపిరి కడుపులోంచి రాదని చెప్పాను. అది సగం నిజం. నేను కూర్చున్నానని తెలిస్తే, ఇంటికి చేరేలోపు కృష్ణానగర్ టీకొట్ల దగ్గర 'ఆవిడ పనైపోయింది' అనేస్తారు. ఇక పిలుపులుండవు. ఈ భయం కూడా చెప్పేశాను. "గది నాకు తెల్వదు, మీ లైను మీకే తెలుసు" అన్నారు. ఇద్దరం మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. అరుపులూ ఏడుపులూ నిలబడి, మిగతావి కూర్చుని. ఇంజనీరుకి తను చెప్పనా అని అడిగారు. వద్దు, నేనే చెప్తానన్నాను. "బాబూ, నాకో స్టూలు వేయించు" అనే ఆ చిన్న డైలాగుకి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

నేను భయపడ్డదే జరిగింది. డబ్బింగ్ ఇన్‌చార్జి ఒకాయన పిలవడం మానేశాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. ఆ వానాకాలమంతా ఫోను సరిగ్గా మోగలేదు. "మీ స్టూలు నా అన్నం తినేసిందండీ" అని క్లినిక్కులో అందరి ముందూ ఏడ్చేశాను. అది మటుకు సినిమా ఏడుపు కాదు. ఆయన ధైర్యం చెప్పలేదు, సమర్థించుకోలేదు. "నా అంచనా తప్పిందేమో. తీసేద్దామా? మీరే చెప్పుండ్రి" అన్నారు. ఆలోచించాను. దొరికిన ఆ కాస్త పనికి వెళ్ళొచ్చిన రోజున కూడా నా అంతట నేను కూరగాయలకి వెళ్తున్నాను, రాత్రి అందరితో కలిసి భోంచేస్తున్నాను. కోడలితో పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. "వద్దండీ, ఉండనివ్వండి" అన్నాను. ఆ నిర్ణయం నాది. అందుకే దానికి కట్టుబడి ఉండగలిగాను. కొన్నాళ్ళకి ఆ మొదటి ఇన్‌చార్జే ఫోన్ చేసి, సినిమా నిండా ఉండే బామ్మ వేషానికి గొంతు కావాలన్నాడు. "నేను కూర్చుని చెప్తాను, మధ్యలో లేచి నడుస్తాను. సరేనంటేనే వస్తాను" అన్నాను. "స్టూలు రెడీ చేయిస్తా, రండమ్మా" అన్నాడు. ఆ సంగతి చెబితే డాక్టరు గారు కింది షాపువాళ్ళకి కూడా కలిపి చాయ్ తెప్పించారు.

పోయిన ఏడాది ఆయన వెళ్ళిపోయారు. అంత మంచి మనిషిని అంత తొందరగా తీసుకుపోవాల్సిన అవసరమేమిటో ఆ దేవుడినే అడగాలి. ఇప్పుడు నేను జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కడి డాక్టరు చిన్నపిల్ల, మంచిదే. మొదటిరోజు కంప్యూటరు వైపు చూస్తూ, "నొప్పి పదికి ఎంత ఉంటుందమ్మా?" అంది.

"అంకె తరవాత చెప్తాను తల్లీ. ముందు నేనేం పని చేస్తానో, దేన్ని వదులుకోలేనో విను. ఆ తరవాత ఏం చెయ్యాలో మనిద్దరం చూద్దాం" అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసి, కీబోర్డు మీంచి చేతులు తీసేసి, కుర్చీ నావైపు తిప్పుకుంది. "చెప్పండమ్మా" అంది. చెప్పడం మొదలుపెట్టాను గాని కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె కంగారుపడి, "అంత నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఇది మోకాళ్ళది కాదులే తల్లీ" అన్నాను. "దీనికి మాత్రం ఏం మందూ రాయకు."